ఇరవై ఏడో రిలే

రెడ్డియార్‌పాళయం మెయిన్ రోడ్డు మీద స్టీలు పాత్రల కొట్టు ఒకటుంది. దాని పైన మేడ. కింద రోజంతా బిందెలు దించుతూ, గిన్నెలు ఎక్కిస్తూ ఒకటే గణగణ. బయట విల్లియనూరు బస్సుల హారన్లు. ఇంత గోల మధ్య ఆ మేడ మీద జరిగే పనేమిటయ్యా అంటే, చెవి ఒగ్గి చిన్న చిన్న చప్పుళ్ళు వినడం. చెప్తే నవ్వుతారు గానీ, జీతాలిచ్చి మరీ చేయించే పని అది.

ఆ మేడ వరదరాజులు గారి ల్యాబ్. అణు విద్యుత్ కేంద్రాల్లో రియాక్టర్‌ని కాపాడే ప్యానెళ్ళు ఉంటాయి. ఆ ప్యానెళ్ళలో రిలేలని, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద వస్తువులుంటాయి. కరెంటు ఇస్తే లోపలున్న కాయిల్ అనే తీగచుట్ట అయస్కాంతమై ఒక చిన్న ఇనుప రేకుని లాగి పట్టుకుంటుంది. టక్. కరెంటు తీసేస్తే వదిలేస్తుంది. టిక్. దాని బతుకంతా ఇంతే. ఏళ్ళ తరబడి రాత్రీ పగలూ ఆ రేకుని పట్టుకునే ఉంటుంది. లోపల ప్రమాదమేదైనా వస్తే కరెంటు తెగాలి, రేకు వదలాలి, అప్పుడే పైనుంచి కడ్డీలు దిగి రియాక్టర్ ఆగుతుంది. టక్ అనడం పెద్ద గొప్పేమీ కాదు. టిక్ అనాల్సిన వేళ అనకపోతేనే కొంప మునుగుతుంది. అందుకని వాటిని ఊడదీసి, పరీక్ష చెయ్యమని ఇలాంటి ల్యాబులకి పంపిస్తారు.

ల్యాబ్‌లో ఉన్నది ముగ్గురు. వరదరాజులు, సుధ, ఆమె భర్త రఘునాథన్. చుట్టం కాకపోయినా వరదరాజుల్ని సుధ మామా అనే పిలిచేది. ప్రతి రిలేనీ ఇద్దరు వేరువేరుగా చూడాలన్నది వరదరాజులు పెట్టిన నియమం. రెండు బల్లలు చెరో గోడకీ ఆనించి ఉంటాయి. కూర్చుంటే ఒకరి వీపు వైపు ఒకరి వీపు. ఇద్దరి కాగితాలూ కవర్లలో పెట్టి అంటించేదాకా మాట్లాడకూడదు, వెనక్కి తిరక్కూడదు. ఒకరు రాసింది చూసి రెండోవాళ్ళు కూడా బాగుందని రాసేస్తే, ఇక ఇద్దరెందుకు?

మొదట్లో వరదరాజులు సందేహించాడు. "ఆలుమగలు గదమ్మా. ఒకరి మాట ఒకరికి నిజమైపోతాది," అన్నాడు. ఆ మాట సుధ మనసులో ముల్లులా ఉండిపోయింది. అందుకే పన్నెండేళ్ళు వాళ్ళిద్దరూ ఆ నియమాన్ని నోము పట్టినట్టు పాటించారు. వెనక ఆయన దగ్గినా ఆమె తిరిగేది కాదు. ఆమె కుర్చీ కిర్రుమన్నా ఆయన తిరిగేవాడు కాదు. ఇంట్లో మాత్రం ఇద్దరికీ నోరు ఊరుకునేది కాదు, అది వేరే సంగతి.

ఇల్లు ఇందిరా నగర్‌లో. పొద్దున ఆయన ముందు బస్సుకి పోయేవాడు. వంటిల్లు సర్దుకుని, స్కూటీ మీద ఆమె వెనకాల వచ్చేది. ఆయన చెప్పులేసుకుంటుంటే తడి చేతులతోనే వాకిట్లోకి వచ్చి "పోయిరాండి" అనేది. ఎక్కడెక్కడి కోపాలున్నా ఆ మాట మానలేదు. ఆయనా ఆ మాట విననిదే మెట్టు దిగేవాడు కాదు.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం. నలభై రిలేల పెట్టె వచ్చింది. అన్నీ ఒకే తయారీ, ఒకే వయసు. ఇరవై ఆరు దాకా రఘునాథన్ చూసి ట్రేలో ఆమె వైపు తోశాడు. ఇరవై ఏడు ఎత్తాడు. ఆమె ఎదురుగా గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. వెనక టక్ మంది.

టిక్ అనలేదు.

సుధ చెవికి అది తెలిసింది. కాయిల్ వేడెక్కాక ఎలా ఉంటుందో చూద్దామని ఆయన ఒక్కోసారి స్విచ్ నొక్కిపట్టి ఉంచుతాడు. అదే అనుకుంది. కాసేపటికి బల్ల మీద ఏదో మెత్తగా పడిన చప్పుడు. కళ్ళజోడు పెట్టె కాబోలు అనుకుంది. తన ముందున్నవి తను చూసుకుంటూ పోయింది. రాసింది. కవర్ అంటించింది. అప్పుడు తిరిగింది. ఇరవై రెండు నిమిషాలు. ఆయన నుదురు బల్లకి ఆని ఉంది, వేలు ఇంకా స్విచ్ మీదే ఉంది.

గుండె ఆగిందన్నాడు డాక్టరు. ముందే తిరిగి ఉంటే బతికేవాడని అనలేదు. బతికేవాడు కాదనీ అనలేదు. ఆ రెండో మాట కోసం సుధ రెండుసార్లు ఆసుపత్రికి పోయి వచ్చింది.

ఇంకో సంగతుంది, అది ఆమెకి ఒక్కదానికే తెలుసు. వరదరాజులు ఆయన వేలిని స్విచ్ మీద నుంచి తీసినప్పుడు కరెంటు తెగింది. అప్పుడైనా టిక్ అనాలి. అనలేదు.

ఇంటి నుంచి ఆయన్ని ఎత్తుకుని వాకిలి దాటిస్తున్నప్పుడు అలవాటుగా ఆమె పెదవులు కదిలాయి. పోయి... అనబోయింది. అత్త ధనభాగ్యం గబుక్కున అరచేత్తో ఆమె నోరు మూసింది. కొడుకు పోయిన తల్లి, ఏడ్చి ఏడ్చి గొంతు లేదు. "ఆ మాట అనగూడదు బిడ్డా. మళ్ళా రమ్మని పిల్చినట్టు అవుతాది," అని గుసగుసగా చెప్పింది. అలా ఆయన ఆ మాట వినకుండానే మెట్టు దిగాడు. అస్థికలు పిళ్ళైచావడి దగ్గర సముద్రంలో కలిపారు. అక్కడా ఆమె నోరు తెరవలేదు.

పదహారు రోజులయ్యాక ల్యాబ్‌కి వచ్చింది. ఇరవై ఏడు ఆయన బల్ల మీదే ఉంది. తీగలు లేవు, కరెంటు లేదు. రేకు మాత్రం పట్టుకునే ఉంది. ఎందుకో ఆమెకి తెలుసు. ఏళ్ళ వేడికి కాయిల్ మీది వార్నిష్ కరిగి, రేకు మీద బంకలా పేరుకుంటుంది. అలాంటిది ఒకటి దొరికితే మిగతా ముప్పై తొమ్మిదింటినీ అనుమానించాలి. పెట్టె మొత్తం పక్కన పెట్టాలి. ఇది సుధకి కూరలో ఉప్పు సంగతి తెలిసినంత బాగా తెలుసు.

కానీ చెడిపోయిన రిలేని కోసి, పగలగొట్టి, ఫొటో తీసి పారేస్తారు. ఆయన చెయ్యి ఆఖరిసారి పట్టుకున్న వస్తువు అది. ఆమెకి మనసొప్పలేదు. గబగబా బ్యాగులో వేసుకుంది. అలమరలోంచి పాత రిలే ఒకటి తీసి, దానికి ఇరవై ఏడు అని చీటీ కట్టింది.

సాయంత్రం వరదరాజులు అడిగాడు. "ఇరవై ఏడు సంగతేందమ్మా? రఘు కాగితంలో పట్టింది రాసుండాది, వదిలింది ఖాళీగా ఉండాది."

"నేను చూసినాను మామా. బాగుండాది."

"నువ్వు చూస్తే సరిమ్మా," అన్నాడాయన. ఆ ఖాళీ గడిలో ఒక అంకె తనే వేశాడు. మిగిలినవి తనే కూర్చుని చూశాడు. దాన్ని మాత్రం చూడలేదు. నియమం పెట్టిన మనిషే ఆమె కన్నీళ్ళు చూసి నియమం తప్పాడు. వేడెక్కితే గానీ ఆ బంక అంటుకోదు, చల్లగా ఉన్నప్పుడు అన్నీ టిక్ మన్నాయి. పెట్టెకి సీలు వేసి పెట్టారు. కేంద్రం వాళ్ళు రియాక్టర్‌ని మరమ్మతుకి ఆపేది నవంబరులో, అప్పుడు పంపితే చాలు.

ఆ రిలేని సుధ ఇంట్లో బీరువాలో, భర్త చొక్కాల మధ్య పెట్టింది.

జూన్‌లో ఒక ఆదివారం, బియ్యం ఏరుతూ కూర్చుంది. ఎండ ఇంకా తగ్గలేదు. పక్కింట్లో టీవీ మోగుతోంది. బీరువాలోంచి టక్ మని వినిపించింది.

గడియారం చూసింది. నాలుగుంపావు.

పోయి తలుపు తీసింది. రేకు పట్టుకునే ఉంది, ఎప్పటిలాగే. పట్టుకునే ఉన్న రేకు మళ్ళీ ఎలా పట్టుకుంటుందని ఆమె బుర్ర అడిగింది. మనసు ఆ మాట వినిపించుకోలేదు. చొక్కాల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. నిజం చెప్పాలంటే, ఆ ఏడుపులో సగం సంతోషమే.

ఆ తర్వాత ప్రతి రోజూ ఒంట్లో బాగాలేదని మూడున్నరకే ల్యాబ్ నుంచి వచ్చేసేది. రెండు గ్లాసుల్లో కాఫీ కలిపి, బీరువా వైపు వీపు పెట్టి కూర్చునేది. అలా కూర్చోవడమే వాళ్ళకి అలవాటు. నాలుగుంపావుకి టక్. ఆమె ఆ రోజు ముచ్చట్లు చెప్పేది. కొట్టువాళ్ళు గిన్నెలు సొట్టలు పెట్టుకున్న సంగతి, అత్త మోకాళ్ళ నొప్పి. ఆయన కాఫీ చల్లారిపోయేది.

అక్టోబరులో వానలు మొదలయ్యాయి. చొక్కాలకి కాలిన వార్నిష్ వాసన పట్టింది. రిలేని ముట్టుకుంటే వెచ్చగా ఉంది. తర్వాత ఒక రోజు టక్ తో పాటు ఇంకో చప్పుడు...

ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. లోపలికి... నిండుగా...

వదల్లేదు.

సుధ కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంది. ఆ ఊపిరి బయటికి వస్తుందేమోనని చూసింది. రాలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆయన తన కోసం వచ్చాడని ఇన్నాళ్ళూ మురిసిపోయింది. రావడం కాదు, పోలేకపోతున్నాడేమో. రిలేని బయటికి తీసి గోటితో రేకుని లాగింది. రాలేదు. చాకు మొనతో లాగింది. చాకు వంగింది గానీ రేకు రాలేదు.

అప్పుడు వీపు వెనక నుంచి, బిగబట్టిన గొంతుతో...

"సుధా... తిరుగు..."

ఆమె తిరగలేదు. తిరగాలంటే భయమేసింది. ఏప్రిల్‌లోనూ ఆయన ఇలాగే పిలిచాడేమో, కింద గిన్నెల మోతలో తనకి వినబడలేదేమో. ఆ రాత్రంతా అదే తల్చుకుని కుమిలిపోయింది.

నవంబరు రెండో వారం, తుపాను వాన. మధ్యాహ్నం నుంచే చీకటి కమ్ముకుంది. వ్యాను వచ్చింది. నలభై రిలేల పెట్టెని వరదరాజులు రఘునాథన్ బల్ల మీద పెట్టించాడు. ఆఖరి కాగితం సుధ ముందుంచాడు. రెండో పరీక్షకురాలిగా ఆమె సంతకం పడితే పెట్టె వెళ్ళిపోతుంది, వారంలో ప్యానెల్‌లో కూర్చుంటుంది.

"నేను కిందికి పోయి డ్రైవర్ని టార్పాలిన్ కప్పమని చెప్పొస్తా. నువ్వు సంతకం పెట్టి ఉంచమ్మా," అని ఆయన గొడుగు తీసుకున్నాడు.

ఆయన మెట్లు దిగుతుండగానే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. కింద కొట్టు మూసేసి ఉంది. వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు. సుధ పెన్ను మూత తీసింది. ఒళ్ళో బ్యాగు, బ్యాగులో ఇరవై ఏడు. పొద్దున దాన్ని ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలీదు. చెప్పేద్దామనే తెచ్చిందేమో. చెప్తే దాన్ని పగలగొడతారు, ఆయన పోతాడు. చెప్పకపోతే ఆయన ఉంటాడు, ఈ పెట్టె ఆ కేంద్రానికి పోతుంది. ఏదో ఒక రోజు కరెంటు తెగుతుంది, రేకు వదలదు. అక్కడా ఎవరో ఒకామె భర్త బల్ల ముందు కూర్చుని ఉంటాడు.

పెన్ను కాగితానికి ఆనింది.

వెనక పెట్టెలోంచి... టక్.

గడియారం వైపు చూసింది. నాలుగుంపావు.

టక్... టక్...

సీలు వేసిన పెట్టె. తీగలు లేవు. ఊళ్ళోనే కరెంటు లేదు.

టక్... టక్... టక్...

ఒకదాని తర్వాత ఒకటి, తీరిగ్గా... ఆమె లెక్కపెట్టింది. అలవాటు. పది... ఇరవై... ముప్పై తొమ్మిది... నలభై. ఒక్క టిక్ లేదు. చివరికి ఒళ్ళో బ్యాగులోంచి ఇంకొక్కటి. తొడకి తగిలింది ఆ అదురు. వార్నిష్ వాసన ముక్కు పగిలేలా కొట్టింది.

వెనక ఊపిరి. లోపలికి... ఇంకా లోపలికి...

"సుధా... తిరుగు..."

ఈసారి తిరిగింది.

ఆయన కుర్చీ ఖాళీ. కుర్చీ మాత్రం బల్ల వైపు లేదు. ఆమె వైపు తిరిగి ఉంది.

వరదరాజులు టార్చి లైటుతో పైకి వచ్చేసరికి సంతకం లేని కాగితం నేల మీద పడి ఉంది. "మామా, పెట్టె పంపొద్దు," అంది సుధ. అన్నీ చెప్పింది. దొంగతనం, చీటీ మార్చడం, అబద్ధం, ఒక్కటీ దాచలేదు. ఆయన గొడుగు ముడవడం మర్చిపోయి నిలబడి విన్నాడు. నీళ్ళు కారి నేలంతా తడిసింది.

"నన్ను ఒక్క మాట అడిగుంటే దాన్ని నీకే ఇచ్చేవాణ్ణి గదమ్మా," అన్నాడు చివరికి. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకి అనిపించింది.

ఆయన సీలు చించాడు. టార్చి వేసి చూశాడు. నలభై రేకులూ పట్టుకుని ఉన్నాయి. ఒకదాన్ని గోటితో లాగాడు, కదల్లేదు. ఇంకోదాన్ని లాగాడు. అదీ అంతే. పెట్టె మూత వేసి, ఫోను తీసి, కేంద్రం వాళ్ళకి చెప్పాడు. మొత్తం రద్దు. ఒక్కటి కూడా పెట్టొద్దు. కారణం రాతపూర్వకంగా పంపుతాను. గొంతు తడబడకుండానే చెప్పాడు.

"దాన్ని ఇయ్యమ్మా," అని చెయ్యి చాచాడు.

సుధ బ్యాగులోంచి ఇరవై ఏడు తీసింది. రెండు చేతుల్లో పట్టుకుంది. ఐదు నెలలు తనతో కాఫీ వేళకి కూర్చున్న వస్తువు. రఘునాథన్ బల్ల మీద, అతను ఎప్పుడూ పెట్టే చోట పెట్టింది. ఏదో చెప్పాలి. పంపించెయ్యాలి. దొరికిన మాట ఒకటే. పన్నెండేళ్ళు ప్రతి పొద్దునా వాకిట్లో నిలబడి అన్న మాట.

"పోయిరాండి," అంది.

వరదరాజులు ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు.

టిక్.

చాలా చిన్న చప్పుడు. ఇరవై ఏడో రిలే రేకు వదిలింది. వెంటనే గదిలో ఎవరో బరువుగా ఊపిరి విడిచారు... చివరిదాకా... కాగితాలు కదిలాయి. వార్నిష్ వాసన పల్చబడి పోయింది. సుధ బల్ల అంచు పట్టుకుని, పెద్దగా, ఇరుగూ పొరుగూ వింటారన్న సిగ్గు లేకుండా ఏడ్చింది. ఏప్రిల్‌లో ఏడవాల్సిన ఏడుపు అది.

కరెంటు ఐదింటికి వచ్చింది. వరదరాజులు ఫైలు తీశాడు. రఘునాథన్ ఆఖరి కాగితంలో ఇరవై ఏడు ఎదురుగా, వదిలిన సమయం గడిలో తను రాసిన అబద్ధపు అంకె కొట్టేసి, 'వదల్లేదు' అని రాయాలి. పెన్ను పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"ఇది నువ్వు రాసినావా?"

సుధ దగ్గరికి వచ్చి చూసింది. ఆ కాగితాన్ని వాళ్ళిద్దరూ వందసార్లు చూసి ఉంటారు. నలభై వరుసలే ఉండాలి. నలభై కింద నంబరు లేని వరుస ఒకటుంది. నాలుగుని కుర్చీ బొమ్మలా గీసే ఆ రాత ఎవరిదో ఇద్దరికీ తెలుసు. రిలే పేరు రాసే చోట 'ఆర్. సుధ' అని ఉంది. పట్టిన సమయం దగ్గర ఈ రోజు తేదీ, నాలుగుంపావు. సిరా ఇంకా ఆరలేదు.

వదిలిన సమయం గడి ఖాళీగా ఉంది.

వరదరాజులు దాన్ని అరచేత్తో కప్పేశాడు. తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎంతసేపట్నించి అట్ల ఊపిరి బిగబట్టుకోని ఉండావు?" అన్నాడు మెల్లగా. "వదులమ్మా."

సుధ ఆయన వంక వింతగా చూసింది. తను ఎప్పుడో వదిలేశాననే అనుకుంటోంది.